దూరప్రయాణానికి ముందు తెరచాప పడవ చూపించే జబ్బులు: సమస్య - పరిష్కారం

కర్నూలులో కూర్చొని సముద్రపు పడవ గురించి రాయడమేమిటని నవ్వేవాళ్లకు ఒక్క మాట. సుంకేసుల నుంచి కడప దాకా మన కె.సి. కాలువను 1863-70 మధ్య తవ్వినప్పుడు దాన్ని సాగునీటికి మాత్రమే అనుకోలేదు, పడవల రాకపోకలకు కూడా అనుకున్నారు. కాబట్టి ఈ ఊరికి పడవ మరీ పరాయిది కాదు.

ఇది ఎవరి కోసమంటే, అరవై రెండేళ్లకు ఉద్యోగం దిగి, కొచ్చి మెరీనాలోనో చెన్నైలోనో ముప్పై, ముప్పై ఆరు అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ పడవ కొని, భార్యాభర్తలిద్దరూ మాల్దీవులకో అండమాన్‌కో, ఆ పైకో వెళ్లాలనుకునేవారి కోసం. మనం ఉండేది ఇక్కడ, పడవ ఉండేది అక్కడ. ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్లి చూసి వస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. ఇలాంటి పడవలకు పట్టే జబ్బులు తిరగడం వల్ల వచ్చేవి తక్కువ, కట్టేసి ఉంచడం వల్ల వచ్చేవి ఎక్కువ. రేవులో అవి బయటపడవు. మరో సంగతి, కారణం దొరకకుండా కొత్త సామాను కొనడం పింఛను డబ్బుకు పెద్ద శత్రువు. అందుకే కింద ముందు లక్షణం, తర్వాత కారణం, ఆ తర్వాతే మరమ్మతు.

పడవ అడుగు గోతిలో నీళ్లు చేరుతున్నాయి

పడవ నేల చెక్క కింద, అన్నిటికంటే లోతైన గోతిని బిల్జ్ అంటారు. నీళ్లు కనబడగానే పంపు వేసి తోడేసి ఊరుకోవద్దు. ముందు ఆ నీళ్లు ఎలాంటివో చూడాలి. పైన రంగులు తేలుతుంటే డీజిలో ఇంజను ఆయిలో కలిసింది. అలాంటిదేమీ లేకపోతే ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. చప్పగా ఉంటే సముద్రం లోపలికి రాలేదు. తాగునీటి ట్యాంకు, దాని గొట్టాలు, లేదా డెక్కు మీద నుంచి కారే వాన, ఈ మూడింటిలో ఒకటి. ఉప్పగా ఉంటే ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టండి.

ఉప్పునీటికి మొదటి అనుమానం ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్లే చోట నీరు లోపలికి రాకుండా ఆపే బిగింపు, అంటే గ్లాండ్ మీద. కాలువ గట్టున మోటారు పంపు నడిపినవారికి ఇది కొత్త కాదు, అదే ప్యాకింగ్ తాడు, అదే నట్టు. పాత పద్ధతి గ్లాండ్ అయితే షాఫ్టు తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి. ఆ నీరే దాన్ని చల్లబరుస్తుంది. ఇంజను ఆపాక చుక్క ఆగిపోవాలి. ఆగకపోతే నట్టు కొద్దిగా బిగించి, ఇంజను నడిపి, గ్లాండ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఎక్కువ బిగించారు, తాడు మాడి షాఫ్టు మీద గీతలు పడతాయి. బిగించినా కారుతుంటే తాడు మార్చాల్సిందే.

రెండో అనుమానం సీకాక్‌ల మీద, అంటే పడవ అడుగున నీరు లోపలికీ బయటికీ పోయే వాల్వుల మీద. ఇవి కంచువో ఇత్తడివో తెలుసుకోవడం ముఖ్యం. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, మిగిలిన లోహం గులాబీ రంగుకు తిరిగి పెళుసుబారుతుంది. పైకి గట్టిగానే కనబడుతుంది, ఒక రోజు చేతిలోకి ఊడి వస్తుంది. గీసి చూస్తే గులాబీ రంగు కనబడిందంటే పడవను ఒడ్డుకెక్కించి కంచువి వేయించండి. నెలల తరబడి తిప్పక బిగుసుకుపోయిన సీకాక్‌ను నీటిలో ఉండగా పైపు రెంచితో బలవంతంగా తిప్పవద్దు. అది విరిగితే ఆపేందుకు చేతిలో ఏమీ ఉండదు. అందుకే ప్రతి సీకాక్‌కూ సరిపోయే మొనదేలిన కొయ్య బిరడాను దాని పక్కనే తాడుతో కట్టి ఉంచాలి.

ఎక్కడి నుంచి కారుతోందో అప్పటికీ తెలియకపోతే గోతిని గుడ్డతో పూర్తిగా ఆరబెట్టి, ప్రతి వాల్వు, ప్రతి గొట్టం బిగింపు, పడవ అడుగున బరువు దిమ్మను (కీల్) పట్టి ఉంచే బోల్టుల చుట్టూ టిష్యూ కాగితం చుట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఏ కాగితం తడిసిందో చూస్తే దొంగ దొరుకుతాడు.

రేవులో చక్కగా నడిచే ఇంజను, అలల్లోకి వెళ్లగానే ఆగిపోతోంది

ఎలా ఆగిందో గుర్తుంచుకోండి, సగం రోగనిర్ధారణ అందులోనే ఉంది. వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడి ఆగిందంటే డీజిలు అందడం లేదు. ఉన్నట్టుండి ఠక్కున ఆగిపోతే ఆపే స్విచ్చు తీగ పాడయిందేమో చూడాలి. గేరు వేయగానే మూలిగి ఆగితే ఇంజనులో ఏ తప్పూ లేదు, ప్రొపెల్లర్‌కు తాడో వలో చుట్టుకుంది.

ఎక్కువగా జరిగేది మొదటిదే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ గోడలకు పట్టి నీరై అడుగుకు చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారవుతుంది. కొచ్చి వంటి వేడి, తేమ ఉన్న చోట దీనికి లోటు లేదు. రేవులో పడవ కదలదు కాబట్టి జిగురు అడుగునే పడి ఉంటుంది. అలలకు పడవ ఊగగానే అది లేచి ఫిల్టరును మూసేస్తుంది. సరిగ్గా ఇంజను కావలసిన సమయానికే.

నీటిని వేరుచేసే ఫిల్టరు గిన్నె నుంచి ఒక గాజు సీసాలోకి కొంచెం డీజిలు తీసి కాసేపు నిలవ ఉంచండి. అడుగున నీటి పొర, నల్లని నలకలు కనబడితే ట్యాంకు మూత తెరిచి చేత్తో శుభ్రం చేయించండి. చాలామంది ఇక్కడ ఒక సీసా మందు పోసి పని అయిపోయిందనుకుంటారు. మురికి ట్యాంకులో మందు పోస్తే చచ్చిన జిగురు పొరలుగా ఊడి ఫిల్టర్లను ఇంకా త్వరగా మూస్తుంది. ముందు శుభ్రం, తర్వాత మందు. పడవను వదిలి ఊరికి వచ్చేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచండి. అరడజను ఫిల్టర్లు పడవలోనే ఉండాలి.

ఫిల్టరు మార్చాక డీజిలు గొట్టంలో చేరిన గాలి తీయడం నేర్చుకోవడానికి కొచ్చి దాకా వెళ్లనక్కరలేదు. ట్రాక్టరుకో ఆయిల్ ఇంజనుకో చేసే పనే ఇది. కల్లూరు వైపు ఏ డీజిల్ మెకానిక్ దగ్గరైనా ఒక పూట నిలబడి, మీ చేత్తో స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి శుద్ధమైన డీజిలు వచ్చేదాకా చేతి పంపు కొట్టి చూడండి. భార్యాభర్తలిద్దరూ నేర్చుకోవాలి, ఒకరికే తెలిసిన పని పడవలో సగం పనే. మరమ్మతు అయ్యాక పరీక్ష రేవులో చేయవద్దు. రేవు దాటి, అలలు ఉన్న రోజు, ఒక గంట ఇంజను మీద వెళ్లి రండి.

ఇంజను వేడెక్కుతోంది

ముందు పొగగొట్టం దగ్గరికి వెళ్లి, ఇంజనును చల్లబరిచిన సముద్రపు నీరు చిమ్ముతోందో లేదో చూడండి. అసలు రాకపోతే సీకాక్ మూసి ఉందా, వడకట్టులో ప్లాస్టిక్ సంచో పాచో ఇరుక్కుందా, నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు విరిగాయా అన్న వరుసలో చూడాలి. నెలల పాటు కదలని ఇంపెల్లర్ రెక్కలు ఒంగిపోయి గట్టిపడతాయి. విరిగితే కొత్తది వేయడంతో సరిపోదు. విరిగిన ముక్కలు లెక్క సరిపోయేదాకా వెతకండి, అవి ముందుకు వెళ్లి ఉష్ణమార్పిడి గొట్టాల్లో అడ్డుపడతాయి. నీరు కొద్దిగా, ఆవిరితో వస్తుంటే పొగగొట్టం మొదట్లో ఉండే వంపు గొట్టం (ఎల్బో) మసితో, తుప్పుతో పూడిపోయి ఉంటుంది. నీరు ధారాళంగా వస్తున్నా వేడెక్కితే కూలెంట్, థర్మోస్టాట్, బెల్టు చూడాలి.

రాత్రి రెండు దాటాక ఆటోపైలట్ పడిపోతోంది

చుక్కానిని దానంతటదే తిప్పే కరెంటు యంత్రమే ఆటోపైలట్. వెంటనే కొత్తదాని ధర వాకబు చేయకండి. మల్టీమీటరు తీయండి. ఆటోపైలట్ మోటారు పనిచేస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఆటోపైలట్ టెర్మినల్ దగ్గర ఒకసారి కొలవండి. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు ఉండి, అక్కడ 11.5 ఉంటే తప్పు తీగది, లేదా పచ్చబడిన టెర్మినల్‌ది. సన్నని మామూలు రాగి తీగ తీసేసి, తగరం పూసిన లావు తీగ వేయండి. రెండు చోట్లా పడిపోతే బ్యాటరీ నీరసించింది. పన్నెండు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.7 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగమే ఉన్నట్టు. మాటిమాటికీ సగం కంటే కిందికి దింపితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ తొందరగా చస్తుంది.

అయితే బ్యాటరీ చావుకు అసలు కారణం చాలాసార్లు లెక్క తప్పడమే. ఫ్రిజ్‌కు రోజుకు 50 ఆంపియర్ అవర్లు, ఆటోపైలట్‌కు 50, దీపాలకూ పరికరాలకూ 20 వేసుకోండి, మొత్తం 120. వంద వాట్ల సోలార్ పలక బాగా ఎండ తగిలితే రోజుకు 25 నుంచి 30 ఇస్తుంది. అంటే నాలుగైదు వందల వాట్లు కావాలి, అదీ నీడ పడకుండా. తెరచాప దూలం నీడ పలక మీద ఒక పట్టీలా పడినా రాబడి బాగా పడిపోతుంది. ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పుణ్యాన ఈ సంగతి తెలిసిన ఎలక్ట్రీషియన్లు కర్నూలులో ఉన్నారు. పడవ బొమ్మ గీసి తీసుకెళ్లి వాళ్లతోనే మాట్లాడండి.

నన్నడిగితే ఇద్దరే వెళ్లే పడవకు ఫ్రిజ్ కంటే ముందు కొనాల్సింది గాలి రెక్కతో చుక్కానిని తిప్పే యంత్రం. దానికి కరెంటు అక్కరలేదు.

క్యాబిన్ లోపలి చెక్క మీద గోధుమరంగు చార

తుడిచి పాలిష్ వేయకండి. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలను ఉక్కు పట్టీలకు బిగిస్తారు, ఆ పట్టీలు డెక్కును దాటి లోపలికి దిగి ఉంటాయి. చార ఆ పట్టీ కిందే ఉంటే పైన సీలెంట్ పోయి నీరు దిగుతోందని అర్థం. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని మనవాళ్ల నమ్మకం. గాలి ఆడని సందులో నీరు నిలిస్తే అదీ లోలోపల పగులుతుంది. పట్టీని బయటికి లాగి చూడటం తప్ప వేరే దారి లేదు. తీగల మీద దూది పట్టుకుని కింది నుంచి పైకి నడిపించండి, దూది చిక్కుకున్న చోట ఒక పోగు తెగి ఉంటుంది. ఒక్క పోగు తెగినా ఆ తీగ మొత్తం మార్చాల్సిందే. పది పదిహేనేళ్లు దాటిన తీగలకు పరీక్ష కూడా అనవసరం, మార్చేయండి.

2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో, ఒంటరిగా భూమిని చుట్టే పందెంలో ఉన్న మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ పడవ స్తంభం విరిగింది, ఆయన వెన్నెముకకు గాయమైంది. అది భీకర తుపాను చేసిన పని. మన పడవ స్తంభం మామూలు గాలికే పడిపోతే ఆ తప్పు ఈ చారను తుడిచేసినవారిదే.

గాలికి ఎదురుగా సాగడం లేదు, పక్కకు ఒరిగిపోతోంది

తెరచాప సాగిపోయింది. ఎమ్మిగనూరు మగ్గాలు చూసినవారికి తెలుసు, బట్ట పడుగు వెంట, పేక వెంట గట్టిగా ఉంటుంది, ఐమూలగా లాగితే సాగుతుంది. ఏళ్ల తరబడి అలా సాగి తెరచాప బొజ్జ వెనక్కి జరుగుతుంది. అతుకులతో ఇది బాగుపడదు, కొత్తది కుట్టించాలి. బట్ట బాగుండి కుట్లు మాత్రమే పోతే వేరే సంగతి. ఎండకు ముందు చచ్చేది దారమే. బొటనవేలి గోటితో కుట్టును గట్టిగా గీకండి, తెగితే మొత్తం మళ్లీ కుట్టించండి.

లంగరు నిలవడం లేదు

గొలుసు చాలలేదు. లోతు ఐదు మీటర్లు, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు ఒకటి, పోటు మరొకటి, మొత్తం ఏడు. దానికి ఐదింతలు, అంటే 35 మీటర్లు వదలాలి. గాలి రాత్రి అయితే ఏడింతలు.

చుక్కాని చక్రం వదులుగా తిరుగుతోంది

తీగ సాగిందో, కప్పీ అరిగిందో చూసి బిగించండి. చక్రం పూర్తిగా పోతే వాడే అత్యవసర కర్ర చాలా పడవల్లో ఉంటుంది, దాన్ని తగిలించి నడిపి చూసినవారు అరుదు. 2017-18లో ఆరుగురు నౌకాదళ మహిళలు తారిణి అనే తెరచాప పడవ మీద భూమిని చుట్టివచ్చారు. వారిలో విశాఖ నుంచి స్వాతి, హైదరాబాదు నుంచి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆ పడవ కూడా చుక్కాని యంత్రాంగం చెడి మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగాల్సి వచ్చింది.

బయలుదేరే తేదీ వెనక్కి జరుగుతూనే ఉంది

ఇది కూడా జబ్బే. పనుల జాబితాలో అన్నీ ఒకే వరసలో ఉండటం దీనికి కారణం. పడవను ముంచేవి, పడవను ఆపేవి, ఒట్టి చికాకు పెట్టేవి అని మూడు కాగితాలు చేయండి. మూడోది ఇంట్లో వదిలి వెళ్లవచ్చు. తేదీని జాబితా కాదు, రుతువు నిర్ణయించాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. బంగాళాఖాతంలో ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-డిసెంబరులో మళ్లీ తుపాన్లు. మిగిలింది జనవరి నుంచి మార్చి. ఆలోగా మొదటి రెండు కాగితాలు పూర్తికాకపోతే వచ్చే జనవరికే. సముద్రం ఎలా ఉండబోతోందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందుగా చెబుతుంది, ఇప్పటి నుంచే రోజూ చూసే అలవాటు చేసుకోండి.

పడవ బాగానే ఉంది, మనుషులే పడిపోతున్నారు

హుస్సేన్ సాగర్ క్లబ్బుల్లో తెరచాప పట్టడం నేర్చుకోవచ్చు కానీ అక్కడ సముద్రపు ఊపు ఉండదు, కడుపు సంగతి తేలదు. తీరం వెంట రెండు మూడు రోజులు రాత్రింబవళ్లు వెళ్లి చూడండి. వాంతుల మాత్ర పడవ కదలక ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే నిలవదు. బీపీ, షుగరు మాత్రలు ప్రయాణ రోజులకు సరిపోయేదానికి రెట్టింపు నిలవ, మందు అసలు పేరుతో డాక్టరు చీటీ సహా ఉంచుకోండి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకుంటే ఇద్దరికి నెలకు 240 లీటర్లు, అదీ ఒకే ట్యాంకులో కాకుండా. పెళపెళలాడేలా ఎండిన జొన్న రొట్టెలు గాలి చొరని డబ్బాలో పెడితే వారాల తరబడి ఉంటాయి, పొయ్యి వెలిగించలేని రోజున అవే దిక్కు.

సముద్రం మీద ఉండగా పింఛను ఆగింది

కారణం లైఫ్ సర్టిఫికెట్. కేంద్ర పింఛనుదారులకు నవంబరు. రాష్ట్రం వారికి నెలలు వేరు, ట్రెజరీలో అడిగి రాసుకోండి. జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ఫోనులోనే ముఖం చూపించి ఇవ్వవచ్చు, ఇంటర్నెట్ ఉన్న రేవులో ఉండేలా ఆ నెలను చూసుకుంటే చాలు. ఇందుకోసం శాటిలైట్ ఫోను కొంటే సరిపోదా అని అడుగుతారు. అనుమతి లేకుండా దాన్ని మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరం, ముందు టెలికాం శాఖ అనుమతి తీసుకోవాలి. ముఖం గుర్తింపును బయలుదేరక ముందే అదే ఫోనులో ఒకసారి చేసి చూడండి. క్యాబిన్ చీకట్లో ముఖం అందదు, డెక్కు మీదికి వచ్చి టోపీ, నల్లకళ్లద్దాలు తీసి నిలబడాలి.