ఇంగ్లిష్ మాట పుట్టుక తెలుసుకోవడం ఎలా?

నల్లగొండ జిల్లాలో బడి మొహం చూడని ముసలమ్మకు కూడా తెలిసిన ఇంగ్లిష్ మాట ఒకటుంది: ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. మునుగోడు, మర్రిగూడ వైపు ఆ జబ్బు ఎరగని ఊరు తక్కువ. ఆ మాటనే తీసుకుని మూలం వెతుకుదాం.

ముందు మాటను విడగొట్టండి. చివర ఉన్న ‘ఓసిస్’ గ్రీకు నుంచి వచ్చింది, జబ్బుల పేర్లకు తగిలిస్తారు. ట్యూబర్‌క్యులోసిస్‌లో ఉన్నదీ అదే. దాన్ని తీసేస్తే మిగిలేది ‘ఫ్లోర్’. ఇంట్లో తుడిచే ఫ్లోర్ కాదు, స్పెల్లింగ్ వేరు.

ఇప్పుడు ఆ ముక్కను నిఘంటువులో చూడాలి. ఫోన్‌లో ఎటిమాన్‌లైన్ సైట్ తెరిస్తే చాలు, ఉచితమే. అందులో చాలామంది వదిలేసేది సంవత్సరం. ఇంగ్లిష్ రాతల్లో ఆ మాట మొదట ఎప్పుడు కనబడిందో అది చెబుతుంది. ఆ పక్కనే ఏ భాష నుంచి వచ్చిందో వరసగా ఉంటుంది. మన ముక్క లాటిన్‌లో ‘ఫ్లుయెరె’ దగ్గర తేలుతుంది. అంటే పారడం. లోహం తీసేటప్పుడు కొలిమిలో ఒక రాయి వేస్తే ముడి ఖనిజం తేలిగ్గా కరిగి పారేది, ఆ రాయికి ఆ పేరొచ్చింది. అందులోని మూలకాన్ని 1813లో ఫ్లోరిన్ అన్నారు. దాన్ని విడిగా పట్టుకున్నది మాత్రం 1886లో, ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఆన్రీ మోయిసాన్. పారే నీళ్లలాంటి మాట వచ్చి వచ్చి కీళ్లు బిగుసుకుపోయే జబ్బుకు పేరవడం విడ్డూరమే.

తర్వాత చుట్టాలను వెతకండి. ఫ్లూయిడ్, ఫ్లుయెంట్, ఇన్‌ఫ్లుయెన్స్ అన్నీ ఈ ఇంటివే. మరి ‘ఫ్లో’? కాదు! లాటిన్‌లో ‘ప’తో మొదలయ్యే మాటకు ఇంగ్లిష్ సొంత మాటల్లో జోడీ ‘ఫ’తో ఉంటుంది. లాటిన్ పాటెర్, ఇంగ్లిష్ ఫాదర్, సంస్కృతం పితృ. ఆ లెక్కన ‘ఫ’తోనే మొదలయ్యే లాటిన్ ఫ్లుయెరె ఫ్లోకి జోడీ కాదు, అసలు చుట్టం మన సంవత్సరాల పేర్లలో ఉన్న ‘ప్లవ’. శబ్దం కలిసిందని వియ్యం కలపకూడదు.

కథలు చివరికి వదిలేయండి. రోమన్ సైనికులకు జీతం ఉప్పుగా ఇచ్చేవాళ్లని, అందుకే ‘శాలరీ’ అన్నారని వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆ మాటకు ఉప్పుతో చుట్టరికం నిజమే కానీ, జీతం ఉప్పుగా ఇచ్చారనడానికి ఆ కాలపు ఆధారం లేదు.

మన దేశం నుంచి వెళ్లిన మాటలకు 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చూడండి. ‘బాండికూట్’ దగ్గర మన పందికొక్కే కనిపిస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు ఆ పేరునే ఆస్ట్రేలియాలో, పిల్లల్ని సంచిలో మోసే వేరే జంతువుకు పెట్టారు. అందుకే మాట ఎక్కడిదో తెలిశాక, అర్థం ఎక్కడ మారిందో కూడా చూడండి.