ఆత్మరక్షణ చట్టం నేరాలను తగ్గించిందా? లెక్క తేల్చే పద్ధతి

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2005లో చేసిన ఆత్మరక్షణ చట్టం నేరాలను తగ్గించిందో లేదో తేల్చాలంటే, ముందు అది ఏం మార్చిందో చదవండి. ఇంట్లో దాడి జరిగితే వెనక్కి తగ్గనక్కర్లేదు, తిరగబడవచ్చన్న నియమం ఫ్లోరిడాలో ఎప్పటి నుంచో ఉంది. 2005 చట్టం దాన్ని బహిరంగ ప్రదేశాలకూ విస్తరించింది. సంతకం చేసిన రోజు నుంచి కాదు, అమల్లోకి వచ్చిన అక్టోబరు 1 నుంచే లెక్క మొదలుపెట్టాలి.

నేరాలన్నిటినీ కలిపి చూడకండి. దొంగలు భయపడ్డారా అన్నది ఇళ్ల చోరీలు, దోపిడీల్లో తెలుస్తుంది. గొడవలు ప్రాణాల మీదికి వస్తున్నాయా అన్నది హత్యల్లో తెలుస్తుంది. దేన్నైనా లక్ష జనాభాకు ఎన్ని అని, నెలవారీగా, చట్టానికి ఐదారేళ్ల ముందు నుంచీ తీసుకోండి.

ఎక్కువమంది పొరబడేది తర్వాతి మెట్టులో. "అప్పుడు ఇన్ని, ఇప్పుడు ఇన్ని" అని ఆపేస్తారు. దేశమంతా నేరాలు తగ్గుతుంటే ఆ చట్టం లేని చోటా తగ్గుతాయి కదా! కాబట్టి అలాంటి చట్టం చేయని రాష్ట్రాలతో పోల్చి తీరాలి. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ఫ్లోరిడాను న్యూయార్క్, న్యూజెర్సీ, ఒహాయో, వర్జీనియాలతో పోల్చింది. ఫ్లోరిడాలో హత్యలు సుమారు 24 శాతం పెరిగాయి, ఆ నాలుగింటిలో అలాంటి పెరుగుదల లేదు. 20కి పైగా రాష్ట్రాల చట్టాలను పరిశీలించిన 2013 అధ్యయనంలోనూ హత్యలు 8 శాతం దాకా పెరిగాయి, చోరీలు, దోపిడీలు మాత్రం తగ్గలేదు. ఎదురుదాడికి భయపడి నేరగాళ్లు వెనకాడతారని ఈ చట్టం మీద పెట్టుకున్న ఆశకు ఇది గట్టి దెబ్బే.

చివరగా, హత్యల అంకెలు ఎక్కడివో చూసుకోండి. మరణ ధ్రువపత్రాల లెక్కలో ఆత్మరక్షణలో చంపినవీ హత్యల కిందే చేరతాయి. పోలీసు లెక్కలు వాటిని విడదీస్తాయి గానీ అసంపూర్తిగా ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే పట్టికలో కలపకండి.