నడిచేవారికీ సైకిల్‌పై వెళ్లేవారికీ భద్రమైన రౌండబౌట్‌ను రూపొందించడం ఎలా

రౌండబౌట్ అంటే మధ్య ద్వీపం చుట్టూ ఉన్న వలయం లాంటి దారిలో వాహనాలు తిరిగి వెళ్లే కూడలి. దాని నమూనా గీయడానికి ముందు తేల్చుకోవలసింది మధ్య ద్వీపం ఎంత ఉండాలన్నది కాదు, వాహనం ఎంత వేగంతో లోపలికి రావాలన్నది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు తగిలినవారు చాలావరకు ప్రాణాలతో బయటపడతారు. వేగం 50 దాటితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. కాబట్టి 30 కిలోమీటర్లను లక్ష్యంగా పెట్టుకుని, తక్కిన కొలతలన్నింటినీ దానికి లోబరచాలి. ఈ పని హెచ్చరిక బోర్డుల వల్ల కాదు, దారి వంపు వల్లే అవుతుంది.

వచ్చే రోడ్డు వలయాన్ని పక్కగా ఒరుసుకుంటూ కలిస్తే వాహనం వేగం తగ్గించకుండానే దూసుకుపోతుంది. అందువల్ల ప్రతి రోడ్డూ కేంద్రం వైపు సూటిగా వచ్చి, అక్కడ స్పష్టంగా మలుపు తిరిగేలా గీయాలి. గీసిన తరువాత, రంగు గీతలను లెక్కచేయని డ్రైవరు అంచు గట్లకు సుమారు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఎంత సూటిగా వెళ్లగలడో నమూనా మీదే ఒక గీతగా గీసి చూడాలి. ఆ గీత దాదాపు తిన్నగా వస్తే నమూనాను మార్చవలసిందే. లారీలు, బస్సులు తిరగవని ఎవరైనా అభ్యంతరం చెబితే రోడ్డును వెడల్పు చేయనక్కరలేదు. మధ్య ద్వీపం చుట్టూ కాస్త ఎత్తుగా, గరుకుగా ఒక పట్టీ వేస్తే పెద్ద వాహనాల వెనుక చక్రాలు దాని మీదుగా వెళతాయి, కార్లు దానిని తప్పించుకుని నెమ్మదిగా తిరుగుతాయి.

లోపలికి వచ్చే దారిని ఇరుకుగా ఉంచి, బయటికి వెళ్లే దారిని విశాలంగా వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. వలయం దాటగానే డ్రైవరు వేగం పెంచే చోటు, పాదచారి రోడ్డు దాటే చోటు ఒకటే కాబట్టి, నా దృష్టిలో నమూనా మొత్తంలో అన్నిటికన్నా జాగ్రత్తగా గీయవలసింది ఆ నిష్క్రమణ వంపునే.

లోపల తిరుగుతున్న వాహనానికే ముందు హక్కు అన్న నియమం 1966లో బ్రిటన్‌లో అమలులోకి వచ్చింది. ఆధునిక రౌండబౌట్‌కు ఆధారం ఆ నియమమే. అయితే దానివల్ల లోపలికి ప్రవేశించే డ్రైవరు చూపంతా వాహనాలు వచ్చే వైపే ఉంటుంది, రెండో వైపు నుంచి అడుగు వేసే మనిషి కంటబడకపోవచ్చు. అందుకే జీబ్రా క్రాసింగ్‌ను వలయం అంచున కాక, ఒక కారు పొడవు, అంటే సుమారు 6 మీటర్లు, వెనక్కి జరపాలి. అప్పుడు డ్రైవరు ముందు మనుషులను, తరువాత వాహనాలను చూసుకోగలుగుతాడు. మధ్యలో డివైడర్ కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉంటే పాదచారి ఒకసారికి ఒక దిశ వాహనాలను మాత్రమే గమనించి దాటవచ్చు. సైకిల్ కూడా ఆగవలసి వస్తే అంతకన్నా వెడల్పు కావాలి. క్రాసింగ్‌ను కాలిబాట ఎత్తుకు లేపడం మరింత మేలు. చూపు లేనివారు వాహనాల చప్పుడును బట్టి దాటే అదను పసిగడతారు, కాని రౌండబౌట్‌లో ఆ చప్పుడు ఎడతెగదు. కనుక కాలికి తగిలే గుర్తు పలకలు, తప్పు చోట దిగిపోకుండా కాలిబాటకూ రోడ్డుకూ నడుమ మొక్కల పట్టీ తప్పనిసరి.

సైకిళ్ల విషయంలో ఒక్క పని మాత్రం ఎన్నడూ చేయకూడదు: వలయం లోపల బయటి అంచున రంగుతో సైకిల్ వరుస గీయడం. బయటికి మళ్లే ప్రతి కారూ ఆ వరుసను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. వాహనాలు తక్కువగా, నెమ్మదిగా ఉన్నచోట సైకిల్ వరుసను వలయానికి ముందే ముగించి, సైకిల్‌పై ఉన్నవారు కార్లతో పాటు వరుస మధ్యలో సాగేలా చేయవచ్చు. రద్దీ ఉంటే వలయం చుట్టూ విడిగా సైకిల్ బాట వేయాలి. నెదర్లాండ్స్ పద్ధతిలో ఈ బాట వలయానికి సుమారు 5 మీటర్ల దూరంలో ఉంటుంది. బయటికి వచ్చే కారు ఆ ఖాళీలో ఆగి, వెనుక వాహనాలకు అడ్డం కాకుండానే సైకిల్‌కు దారి ఇస్తుంది. బాట రోడ్డును లంబకోణంలో దాటాలి, వీలైనంతవరకు ఒకే దిశలో సాగాలి, ఎందుకంటే ఎదురు దిశలో వచ్చే సైకిల్‌ను డ్రైవరు ఊహించడు.

రెండు వరుసల రౌండబౌట్‌ను నేను సిఫారసు చేయను. ఒక వరుసలో ఆగిన వాహనం చాటున, పక్క వరుసలో వచ్చేది పాదచారికి కనిపించదు. రద్దీ వల్ల అది తప్పదంటే, నడిచేవారికీ సైకిళ్లకూ సిగ్నల్‌నో వేరే మట్టంలో దారినో ఇవ్వాలి. ఉదాహరణకు, నెదర్లాండ్స్‌లోని ఐంట్‌హోవెన్ దగ్గర 2012లో తెరిచిన హోవెన్‌రింగ్ అనే వేలాడే సైకిల్ వంతెన కోసం కింది కూడలిని లోతుకు దించడం వల్ల, సైకిళ్లు ఎక్కవలసిన వాలు తగ్గింది.

కాంక్రీటు పోయడానికి ముందు తాత్కాలిక దిమ్మెలతో నమూనాను రోడ్డు మీదే పరచి, పగలూ రాత్రీ నిష్క్రమణల దగ్గర వేగాన్ని కొలవాలి. 30 దాటి పోతున్న చోట వంపును ఇంకా బిగించి, మళ్లీ కొలవాలి.