అమెచ్యూర్ డ్రైవర్‌తో కారు పంచుకునే ప్రోకు: ల్యాప్ తేడా ఎక్కడ పుడుతుంది, ఎలా తగ్గించాలి

గంటల తరబడి సాగే కారు రేసుల ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో 2024 నుంచి జీటీ3 కార్లతో నడుస్తున్న ఎల్‌ఎమ్‌జీటీ3 తరగతిలో ఒక్కో కారును ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. వారిలో ఒకరు తప్పనిసరిగా అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్ఐఏ డ్రైవర్లకిచ్చే శ్రేణుల్లో బ్రాంజ్‌కు చెందిన అమెచ్యూర్, అంటే వృత్తి డ్రైవర్ (ప్రో) కానివారు, అయి ఉండాలి. లీమాన్ 24 గంటల రేసులో ఈ బ్రాంజ్ డ్రైవర్ కనీసం 6 గంటలు స్టీరింగ్ పట్టాలి కనుక, ఆయన వంతును ఎలాగోలా దాటించి మిగతా ఇద్దరితో గెలుద్దామనుకునే జట్టుకు లెక్క కుదరదు. ప్రో తన ల్యాప్‌లో పదో వంతు సెకను తగ్గించుకోవడానికి పడే శ్రమతో అమెచ్యూర్ ల్యాప్‌లో సెకను తగ్గించవచ్చు. బ్రాంజ్ అంటే నెమ్మదైనవారని కూడా అనుకోకూడదు. 2022లో మోంజాలో తన తరగతి పోల్ (రేసును మొదటి స్థానం నుంచి మొదలుపెట్టే అవకాశం) సాధించిన సారా బోవీ అప్పట్లో బ్రాంజ్ డ్రైవరే.

తేడాను కొలిచేటప్పుడు చాలామంది మొదటి అడుగులోనే పొరబడతారు. కొత్త టైర్లతో, తక్కువ ఇంధనంతో ప్రో వేసిన ల్యాప్‌ను, నిండు ట్యాంకుతో, అరిగిన టైర్లతో అమెచ్యూర్ వేసిన ల్యాప్ పక్కన పెట్టి నిట్టూర్చడంలో అర్థం లేదు. ఒకే రకమైన టైర్లతో, దాదాపు ఒకే బరువుతో వేసిన ల్యాప్‌లనే పోల్చాలి.

లక్షణం: ముందుగానే బ్రేకు వేస్తున్నా కారు మలుపు తిరగడం లేదు

అన్నిటికంటే తరచుగా కనిపించేదీ, ఎక్కువ సమయం మింగేదీ ఇదే. బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో కెమెల్ స్ట్రెయిట్ అనే నేరు దారి చివర లే కోంబ్ మలుపును తీసుకుందాం. అమెచ్యూర్ ప్రో కంటే ముందే బ్రేకు తొక్కుతారు, మలుపులోకి ఆయనకంటే నెమ్మదిగా ప్రవేశిస్తారు, అయినా ముందు చక్రాలు జారుతున్నాయని ఫిర్యాదు చేస్తారు. మెకానిక్ ఆ మాట నమ్మి సస్పెన్షన్ మార్చడం మొదలుపెడితే రోజంతా వృథా అవుతుంది.

కారు నమోదు చేసిన డేటాలో బ్రేకు ఒత్తిడి గీతను చూస్తే కారణం తెలుస్తుంది. ప్రో గీత ఒక్కసారిగా నిటారుగా లేచి, ఆ తర్వాత కొండవాలులా మెల్లగా దిగుతుంది. అమెచ్యూర్ గీత దానికి తలకిందులుగా, మెల్లగా పెరుగుతూ పోయి, స్టీరింగ్ తిప్పే చోట శిఖరానికి చేరి, అక్కడి నుంచి ఒక్కసారిగా పడిపోతుంది. ఇది రోడ్డు మీద నేర్చిన మర్యాద. వెనుక కూర్చున్నవారు ముందుకు తూలకుండా మెత్తగా మొదలుపెట్టి, చివర గట్టిగా తొక్కే అలవాటు. రేసు కారులో అదే బెడిసికొడుతుంది. గట్టిగా తొక్కినంతసేపూ ముందు టైర్ల పట్టంతా వేగం తగ్గించడానికే ఖర్చవుతుంది, ఒక్కసారిగా వదిలితే ముందు భాగం మీది బరువు తేలిపోతుంది. ఎటు చూసినా తిరగడానికి పట్టు మిగలదు.

‘ఇంకా ఆలస్యంగా బ్రేకు వెయ్యి’ అని మాత్రం ఎన్నడూ చెప్పకూడదు. అది అదే తప్పును మరింత వేగంతో చేయిస్తుంది. బ్రేకు మొదలుపెట్టే గుర్తును అక్కడే ఉంచాలి, అవసరమైతే ఒక పది మీటర్లు వెనక్కి కూడా జరపాలి. మొదటి తాకిడి గట్టిగా ఉండాలి. జీటీ3 కార్లలో ఏబీఎస్‌కు అనుమతి ఉంది కనుక చక్రాలు బిగుసుకుంటాయన్న భయం అనవసరం. ఆపై స్టీరింగ్ ఎంత తిరుగుతుంటే పాదం అంత తేలిక కావాలి. ఈ వదిలే పద్ధతి కుదిరాక మలుపు మధ్యలో వేగం పెరుగుతుంది, బ్రేకు గుర్తును ఆయనే ముందుకు జరుపుకుంటారు. ఒక సెషన్‌లో ఒక్క మలుపులోనే ఇది సాధన చేయించాలని నా అభిప్రాయం.

గట్టిగా తొక్కమన్నా గీత పైకి లేవకపోతే, పాఠం ఆపి సీటు చూడాలి. ప్రో కొలతలకు అమర్చిన సీటులో పొట్టి డ్రైవర్ కాలు పూర్తిగా చాచవలసి వస్తే పెడల్ మీద బలం చాలదు. ఆయన శరీరానికి పోతపోసిన ఇన్సర్ట్ (సీటులో అమర్చే లోపలి భాగం) దీనికి మందు.

లక్షణం: ప్రోకు కారు అద్భుతం, అమెచ్యూర్‌కు అది తిరిగిపోతోంది

స్పాలోనే ఉన్న పూఆన్ లాంటి వేగమైన మలుపులో ఇది బయటపడుతుంది. వెనుక భాగం కాస్త కదులుతుంటే ప్రోకు హాయి, అమెచ్యూర్‌కు గుండెదడ. పరిష్కారం ఒక్కటే, కారును అమెచ్యూర్‌కు నప్పేలా అమర్చడం. కారును నేలకు అదిమే వెనుక వింగ్ కోణం కొంచెం పెంచి, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ను ఎక్కువ స్థాయిలో ఉంచితే, ప్రో కొద్దిగా నష్టపోయినా కారు మొత్తంగా లాభపడుతుంది. ఇందుకు అడ్డొచ్చేది చాలాసార్లు ప్రో అహమే.

లక్షణం: వంతు మధ్యలో ల్యాప్‌లు చెదిరిపోతున్నాయి

మొదట టైర్లలో గాలి ఒత్తిడి చూడాలి. అది సరిగా ఉంటే, సమయం పడిపోయిన ల్యాప్‌లలో వెనుక నుంచి హైపర్‌కార్లు, అంటే అదే రేసులో పరుగెత్తే మరింత వేగమైన తరగతి కార్లు, వచ్చాయేమో చూడాలి. మర్యాద కొద్దీ దారి ఇవ్వబోయి రబ్బరు ముక్కలు పరుచుకున్న పక్కకు జరిగితే సమయమూ పోతుంది, ప్రమాదమూ ఎక్కువ. తన మామూలు దారిలోనే, ఇతరుల ఊహకు అందేలా నడపాలి. దాటే బాధ్యత వేగమైన కారుది. ఇవేవీ కాకపోతే దాహం, వేడి, బిగబట్టిన ఊపిరి. స్ట్రెయిట్‌లో ‘చేతులు వదులు, నీళ్లు తాగండి’ అన్న ఒక్క మాట చాలు.

లక్షణం: పిట్ నుంచి బయటికి వచ్చిన ల్యాప్‌లోనే స్పిన్

చల్లని టైర్లే కారణం. ఈ ఛాంపియన్‌షిప్‌లో 2023 నుంచి టైర్లను ముందే వేడిచేసే టైర్ వార్మర్లను నిషేధించారు, ఆ ఏడు లీమాన్‌కు మాత్రమే సడలించారు. అలవాటు లేని అమెచ్యూర్‌తో ప్రాక్టీసులో పదేపదే చల్లని టైర్ల మీద బయటికి వెళ్లే సాధన చేయించాలి.

లక్షణం: ఎంత చెప్పినా మార్పు లేదు

ఇక్కడ తప్పు తరచుగా కోచ్‌ది. మలుపు మధ్యలో రేడియోలో మాట్లాడటం, ఒకేసారి ఐదు విషయాలు చెప్పడం మొదటి కారణం. రెండోది ఎవరూ పైకి అనరు. చాలా జట్లలో ప్రోకు జీతం ఇచ్చేది ఆ అమెచ్యూరే. అందుకే ప్రో ‘బాగుంది’ అంటారు, ఆయన ‘సరే’ అంటారు, ల్యాప్ మాత్రం అక్కడే ఉంటుంది. ఈ మొహమాటాన్ని సీజన్ మొదలయ్యే ముందే తేల్చుకోవాలి. డేటాలో కనిపించినదాన్ని మెత్తబరచకుండా చెప్తానని ఒప్పందం చేసుకోవాలి. అది కష్టమనిపిస్తే, కోచింగ్‌ను కారు పంచుకోని మరొకరికి అప్పగించడం మేలు.

ఆయన కారు దిగగానే గీతలు చూపించకూడదు. నీళ్లు తాగనిచ్చి, ఏ మలుపులో ఏం జరిగిందో ముందు ఆయన్నే చెప్పనివ్వాలి. తర్వాత ల్యాప్‌టాప్ తెరవాలి. ఆయన చెప్పినదానికీ, గీత చూపినదానికీ పొంతన కుదరని మలుపు ఏదో, తర్వాతి సెషన్ పని అదే.