పత్తి చేలో పైరెత్రాయిడ్ మందు కొట్టే ముందు

పత్తికి కాయతొలుచు పురుగు తాకే రోజులు దగ్గర పడుతున్నాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి పైరెత్రాయిడ్ మందులు మనిషినేమీ చేయవన్న నమ్మకంతో చాలామంది ఉత్త చేతులతోనే కలిపి కొడుతుంటారు. ఆ నమ్మకంలో కొంత నిజముంది. అది ఎంతవరకు నిజమో తెలుసుకోకపోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

చామంతి జాతి పువ్వులోని పైరెత్రిన్లు అనే సహజ విషాల నమూనాలో తయారైన ఈ రసాయనాలు నరాల పొరల్లో సోడియం అయాన్లు దాటే ద్వారాలను వెంటనే మూసుకోనివ్వవు కాబట్టి పురుగు గిలగిల కొట్టుకుని పడిపోతుంది. అవే ద్వారాలు మన నరాల్లోనూ, ఎద్దు నరాల్లోనూ ఉన్నాయి. మనల్ని కాపాడుతున్నవి మన ఒంటి వేడి, పెద్ద శరీరం, అన్నిటికన్నా ముఖ్యంగా కాలేయం. అక్కడి కార్బాక్సిలెస్టరేజ్ ఎంజైములు మందు అణువును ఎస్టర్ బంధం అనే అతుకు దగ్గర రెండుగా తెంచుతాయి. సైటోక్రోమ్ పీ450 ఎంజైములు దాన్ని ఆక్సీకరణం చేస్తాయి. ఆ ముక్కలు నీటిలో కరిగే రూపానికి మారి చాలావరకు కొద్ది రోజుల్లోనే మూత్రంలో పోతాయి. చర్మం మీద పడిన సైపర్‌మెత్రిన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లే ఒంట్లోకి దిగుతుంది గానీ, మింగితే సుమారు మూడో వంతు రక్తంలో చేరగలదు. మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదే అలవాటు ఈ ఒక్క కారణానికే మానాలి. సన్నని పుల్లతోనో నీళ్లతోనో శుభ్రం చేసుకోవచ్చు.

అసలు భయపడవలసింది మందులు కలపడం గురించి. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాలను దెబ్బతీయడంతో పాటు, పైరెత్రాయిడ్‌ను తెంచే ఆ కార్బాక్సిలెస్టరేజ్‌లనే పనిచేయకుండా చేస్తాయి. అప్పుడు తేలికపాటిదనుకున్న సైపర్‌మెత్రిన్ విరగకుండా ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. పురుగు చావడం లేదని డ్రమ్ములో రెండు మూడు డబ్బాలు మన ఇష్టానికి పోసి తిప్పడం అందుకే తగదు. ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం కలిసిన మందు తయారుగానే అమ్ముతారు. దాన్ని వాడితే జాగ్రత్తలన్నీ ఆర్గానోఫాస్ఫేట్‌కు తగినట్టే ఉండాలి: రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు. పంపు మూత కారి వీపు తడిస్తే ఆ బట్టలు అక్కడికక్కడే మార్చుకోవాలి.

ముఖం మీద చీమలు పాకినట్టు తిమ్మిరి, మంట రావడం వేరే సంగతి. మందు తగిలిన చోటి చర్మపు నరాలే నేరుగా స్పందిస్తాయి కనుక కాలేయం ఎంత బాగున్నా ఇది ఆగదు. చెమట పట్టిన ముఖాన్ని మందంటిన మోచేతితో తుడుచుకున్న కాసేపటికో, కొన్ని గంటలకో మొదలై, సాధారణంగా ఒక రోజులోపు తగ్గుతుంది. ఎండ, చెమట, వేడినీళ్లు మంటను పెంచుతాయి కాబట్టి చల్లని నీళ్లతో, సబ్బుతో కడుక్కోవాలి. ఉదయం, సాయంత్రం చల్లని వేళల్లో, గాలి వాలుకు కొడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఎవరైనా మందు మింగితే వాంతి చేయించకూడదు; ఈసీ మందుల్లోని (నీళ్లలో పోస్తే పాలలా మారేవి) ద్రావకం ఊపిరితిత్తుల్లోకి దిగితే మందుకన్నా అదే ఎక్కువ హాని చేయవచ్చు. ఆసుపత్రికి డబ్బాను తప్పక తీసుకువెళ్లండి. పైరెత్రాయిడ్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు. అట్రోపిన్ ఆర్గానోఫాస్ఫేట్‌కు వాడేది. లోపలికి వెళ్లింది ఒక మందా, రెండా అన్నది డాక్టరు ఆ లేబుల్ చూసే తేల్చుకోగలరు.

ఇంట్లో పశువులకు పైరెత్రాయిడ్ ఉన్న పిడుదుల మందు పూసేటప్పుడు లేబుల్ మీది మోతాదు దాటకండి. మిగిలిన నీళ్లను చెరువులోనో కాలువలోనో పారబోయకండి. చేపలకు ఇవి అతి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. పిల్లి ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త కావాలి. విషాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ కాబట్టి, కుక్కకు పనికొచ్చే పెర్మెత్రిన్ అనే పైరెత్రాయిడ్ మందు పిల్లికి వణుకు, మూర్ఛ తెప్పించి చంపగలదు. కుక్కకు మందు పూసిన రోజుల్లో పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి.