పాట ఇచ్చేముందు అగ్రిమెంట్ ఎలా చదవాలి?

పాట రాసిన మీరు అగ్రిమెంట్ తెరిచేముందు దగ్గర పెట్టుకోవాల్సినవి సాహిత్యం ప్రింటు, రాసిన తేదీ, బాణీ ఎవరిదో తేలిన మాట: ఈ మూడూ ఉంటే చాలు. బాణీ వేరొకరిదైతే కాగితంలో ‘పాట’ అని కాదు, ‘సాహిత్యం’ అని ఉండాలి.

తర్వాత లైసెన్స్, అంటే పాట వాడుకోవడానికి మీరిచ్చే అనుమతి, ఏ రకమో తేల్చుకోండి. నాన్-ఎక్స్‌క్లూజివ్ అయితే అదే సాహిత్యాన్ని ఇంకో ఛానెల్‌కూ ఇవ్వొచ్చు. ఎక్స్‌క్లూజివ్ అంటే తీసుకున్నవాళ్లు తప్ప ఎవరూ వాడకూడదు, రాసిన మీరు కూడా. సొంత ఛానెల్‌లో, స్టేజీ మీద పాడుకునే హక్కు అట్టేపెట్టుకోవాలంటే ఆ మాట రాయించాల్సిందే. కొత్తవాళ్లు ఎక్స్‌క్లూజివ్‌ను రెండేళ్లు దాటి ఇవ్వకూడదు, అంతే.

ఇక హక్కుల పేరా. అందరూ మునిగేది ఇక్కడే. ‘సకల హక్కులు, శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా’ అని ఉంటే కొట్టేసి ఎక్కడ, దేనికి, ఎన్నాళ్లు అన్నవి విడివిడిగా రాయించండి: ‘యూట్యూబ్, ఆడియో స్ట్రీమింగ్‌లకు మాత్రమే, 2 ఏళ్లు’. గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని లెక్క. అంటే ఖాళీ వదిలిన గడి కన్నా వాళ్లు నింపి తెచ్చిన గడే ప్రమాదం. ‘19(4) వర్తించదు’ అన్న చిన్న లైను వెతికి పట్టుకోండి. పాట తీసుకుని ఏడాదిలోపు వాడకపోతే హక్కు మీకు తిరిగొచ్చే దారిని ఆ లైను మూసేస్తుంది. ‘రాయల్టీ వదులుకుంటున్నాను’ అన్నదీ కొట్టేయండి. 2012 సవరణ తర్వాత రచయిత రాయల్టీలో తన సమాన వాటాను అలా వదులుకోవడం కుదరదు, అయినా అది ఉంటే రేపు దాన్నే చూపించి బెదిరిస్తారు. మీరు ఐపీఆర్‌ఎస్ (రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సొసైటీ) సభ్యులైతే ‘సొసైటీకి ఇచ్చిన హక్కులు మినహా’ అని చేర్చండి. దానికి అడ్డుపడే ఒప్పందం చెల్లదు.

నాన్-ఎక్స్‌క్లూజివ్‌లో ఇంకో చిక్కు. ఒక లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) పాటను కంటెంట్ ఐడీలో, అంటే ఒకే పాట వాడిన వీడియోలను పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థలో పెడితే రెండో ఛానెల్ వీడియోకు క్లెయిమ్ పడొచ్చు, ఫోన్లు మాత్రం మీకొస్తాయి. ‘కంటెంట్ ఐడీలో నమోదు చేయరాదు’ అన్న ఒక్క వాక్యం దాన్ని ఆపుతుంది. ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చి ఉంటే ఆ జాబితా జత చేయకుండా ఎక్స్‌క్లూజివ్ మీద సంతకం పెట్టొద్దు.

వాట్సాప్‌లో ‘ఓకే అన్నా’ అనేసి వదిలేయొద్దు. లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలి. ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలూ పడ్డాక, మీ కాపీ చేతికొచ్చాకే ట్రాక్ పంపండి.