ఇంగ్లండ్‌లో పన్ను నొప్పి: ఆ ఫారం మీద టిక్ పెట్టే ముందు

వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి కట్టేశాం కదా, పళ్లు కూడా అందులోకే వస్తాయని చాలామంది ధీమాగా దిగుతారు. రావు. విద్యార్థి ఏడాదికి 776 పౌండ్లు కట్టినా, ఉద్యోగం మీద వచ్చినవారు 1,035 కట్టినా, దానితో తీరేది జీపీ (మన పేటలోని మామూలు డాక్టరు), ఆసుపత్రి ఖర్చే. పళ్ల దగ్గరికొచ్చేసరికి ఇక్కడి జనం ఎంత కడితే మనమూ అంతే కట్టాలి. ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లాండ్‌లో 26 ఏళ్లలోపు వాళ్లకి ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పళ్ల వైద్యం ఉచితం, చెక్-అప్ అయితే అందరికీ ఉచితమే. గ్లాస్గోలో ఉన్న స్నేహితుడు చెప్పాడని లెస్టర్‌లో ఫారం నింపితే మునిగేది మీరే.

ఫీజు మూడు మెట్లు. 2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం బ్యాండ్ 1 అంటే 27.40 పౌండ్లు: చెక్-అప్, ఎక్స్-రే, అవసరమని డాక్టరు అనుకుంటే క్లీనింగ్. బ్యాండ్ 2 అంటే 75.30: ఫిల్లింగ్, రూట్ కెనాల్, పన్ను పీకడం. బ్యాండ్ 3 అంటే 326.70: క్యాప్, బ్రిడ్జి, కట్టుడు పళ్లు. అర్జెంటుగా చూపించుకుంటే బ్యాండ్ 1 రేటే. ఫీజు పళ్ల లెక్కన కాదు, మొత్తం చికిత్సకి ఒక్కసారే. నాలుగు ఫిల్లింగులు, ఒక రూట్ కెనాల్ ఒకే చికిత్సలో చేసినా 75.30 దాటదు. అందుకే ఈసారికి ఒక్క పన్ను చాలు, మిగతావి తర్వాత చూద్దాం అని పొదుపు చేయకండి. చికిత్స ముగిసి రెండు నెలలు దాటితే మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

డెంటిస్టు దొరకడమే కష్టం, నిజమే. జీపీలా పోస్ట్‌కోడ్ పట్టింపు లేదు కాబట్టి పక్క ఊరు ప్రాక్టీసుకైనా, అంటే డెంటిస్టు క్లినిక్‌కైనా, ఫోన్ చేయొచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులో కొత్తవాళ్లను తీసుకుంటున్నామని ఉన్నా నమ్మి కూర్చోకండి, ఫోన్ చేసి కనుక్కోండి. ఎన్‌హెచ్‌ఎస్ అనకుండా ఉత్తినే అపాయింట్‌మెంట్ కావాలని అడిగితే ప్రైవేటు అపాయింట్‌మెంటే చేతికొస్తుంది. ‘ఎన్‌హెచ్‌ఎస్ కింద కొత్త పెద్దవాళ్లను తీసుకుంటున్నారా, లేకపోతే వెయిటింగ్ లిస్టు ఉందా’ అని ఈ ముక్కల్లోనే అడగండి. పది చోట్ల లేదంటారు. పదకొండో చోట అడగండి.

ఇక అసలు సంగతి. ప్రాక్టీసులో అడుగుపెట్టగానే ఒక కాగితమో టాబ్లెట్టో చేతికిస్తారు. పేరు, పుట్టిన తేదీ కింద, ఫీజు ఎందుకు కట్టక్కర్లేదో చెప్పే గళ్లు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి ఫుల్‌టైమ్ చదువు గడి. మాస్టర్స్ చేస్తున్న ఇరవై నాలుగేళ్ల పిల్లాడు దాన్ని చూస్తాడు, నేనూ ఫుల్‌టైమే కదా అని టిక్ పెడతాడు, కింద సంతకం చేస్తాడు. రిసెప్షన్‌లో అమ్మాయి ఏమీ అనదు. డబ్బు అడగదు. ఉచితమని అందరికీ చెప్పుకుంటూ ఇంటికొస్తాడు.

ఆ గడి 18 ఏళ్లు నిండి 19 ఇంకా రానివాళ్లకి. యూనివర్సిటీ ఐడీ కార్డుకీ దానికీ సంబంధం లేదు. రిసెప్షన్‌లో ఊరుకున్నారంటే ఒప్పుకున్నారని కాదు, సరిచూసే పని ఆ తర్వాత వేరే చోట జరుగుతుంది. కొన్నాళ్లకి ఉత్తరం వస్తుంది: కట్టని ఫీజు, దానికి ఐదు రెట్ల జరిమానా, ఆ జరిమానా 100 పౌండ్లు దాటకుండా. రూట్ కెనాల్ అయితే మొత్తం 175.30. 28 రోజుల్లో కట్టకపోతే ఇంకో 50. ఆ ఉత్తరం వెళ్లేది ఫారంలో రాసిన అడ్రసుకి. మనవాళ్లు ఆరు నెలలకో గది మారతారు, ఉత్తరం పాత ఇంటి గుమ్మం లోపల పిజ్జా కాగితాల కింద పడి ఉంటుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎన్నిసార్లు చెప్పాలి: చేతిలో సర్టిఫికెట్ లేకపోతే ఏ గడిలోనూ టిక్ పెట్టొద్దు. అప్లై చేశానన్నది సర్టిఫికెట్ కాదు. వస్తుందన్న నమ్మకమూ కాదు.

గర్భిణులకి, ప్రసవమై ఏడాది దాటని తల్లులకి ఉచితమే. మంత్రసానినో డాక్టరునో అడిగి మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ముందే తీసుకోండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకీ ఉచితమే. మిగిలినవాళ్లకి దారి హెచ్‌సీ2, అంటే ఆదాయం తక్కువున్నవాళ్లకిచ్చే సర్టిఫికెట్. దానికి నింపాల్సినది హెచ్‌సీ1 ఫారం, ఆన్‌లైన్‌లోనూ నింపొచ్చు. ఆదాయం, అద్దె, దాచుకున్న డబ్బు అడుగుతారు. దాచుకున్నది 16,000 పౌండ్లు దాటితే ఆశ వదులుకోండి. ఫీజు కోసం తెచ్చిన లోన్ డబ్బు ఖాతాలో ఉండగా నింపి, తిరస్కరించారని ఏడ్చేవాళ్లున్నారు. భార్యాభర్తలు కలిసి ఉంటే ఇద్దరి లెక్కా ఒకటే. సంపాదన తక్కువైతే హెచ్‌సీ2, అంటే పూర్తి మినహాయింపు. కొంచెం ఎక్కువైతే హెచ్‌సీ3, అందులో మీరు కట్టాల్సిన వాటా రాసి ఉంటుంది. హెచ్‌సీ2 ఉంటే మందుల చీటీ మీద ఒక్కో మందుకి కట్టే 9.90 కూడా తప్పుతుంది. వీసాలో పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వమిచ్చే భత్యాలు) వద్దని రాసి ఉంది, ఇది తీసుకుంటే చిక్కా అని భయపడకండి. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం ఆ జాబితాలో లేదు.

సర్టిఫికెట్ రాకముందే నొప్పి ఆగనంటే డబ్బు కట్టి చూపించుకోండి, ఎన్‌హెచ్‌ఎస్ రసీదు అడిగి తీసుకోండి. దాని పేరు ఎఫ్‌పీ64. మామూలు కార్డు స్లిప్పు చెల్లదు. కట్టిన నాటి నుంచి మూడు నెలల్లోపు హెచ్‌సీ5 దంతవైద్యం ఫారంతో పంపితే, ఆ రోజుకి మీరు అర్హులైతే డబ్బు వెనక్కొస్తుంది. ఉచితమని టిక్ పెట్టి తర్వాత వాదించడం కంటే, కట్టి వెనక్కి తెచ్చుకోవడం నయం.

కుర్చీలో కూర్చున్నాక ఇంకొక్క జాగ్రత్త. ఒకే డాక్టరు, ఒకే గది, ప్రైవేటూ అక్కడే ఎన్‌హెచ్‌ఎస్సూ అక్కడే. ‘వైట్ ఫిల్లింగ్ అయితే బాగుంటుంది, హైజీనిస్టు దగ్గర క్లీనింగ్ చేయించుకోండి’ అన్న మాట వినపడితే అది ప్రైవేటు బిల్లు కావచ్చు. చికిత్స మొదలెట్టేలోగా ఏది ఎన్‌హెచ్‌ఎస్ కింద, ఏది ప్రైవేటు అని రాసిచ్చే ప్లాను చేతికి తీసుకుని చదవండి. పంటికి అవసరమైన చికిత్సని ఎన్‌హెచ్‌ఎస్‌లో లేదని చెప్పి ప్రైవేటుకి తిప్పకూడదు. రూట్ కెనాల్ అలా తిప్పబోతే, ఎందుకు అని అడగండి.

చిగుళ్లు వాచి చీము పట్టినా, రాత్రంతా నిద్ర లేకపోయినా, పన్ను ఊడిపోయినా ఎన్‌హెచ్‌ఎస్ సహాయ నంబరు 111కి ఫోన్ చేయండి. అర్జెంటు అపాయింట్‌మెంటు దారి అదే, ఏ డెంటిస్టూ లేనివాళ్లకి కూడా. జీపీ పళ్లు చూడరు. వాపు కంటి దాకా పాకినా, మింగడానికో ఊపిరి తీయడానికో కష్టమైనా నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకుని సర్దుకోకండి. చీము తీసేదాకా ఆ నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంది.

తొందర లేనివాళ్లు మాంచెస్టర్, లీడ్స్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, బ్రిస్టల్, లండన్ లాంటి చోట్ల డెంటల్ కాలేజీలని అడగొచ్చు. మామూలుగా విద్యార్థులు చేసే పనికి డబ్బు ఉండదు. ఒక్కో విడత గంటలు పడుతుంది. పక్కన పర్యవేక్షించే డాక్టరు ఉంటారు కాబట్టి పని మాత్రం నిదానంగా, శ్రద్ధగా జరుగుతుంది.

సరే, ఇంత భయపెట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఎన్‌హెచ్‌ఎస్‌లో ఒకసారి ఒక చోట కుదురుకుంటే ఆ 75.30కి జరిగే పని చాలానే. చికిత్స ముగిసిన రెండు నెలల్లో అదే బ్యాండ్‌లో ఇంకో పని పడితే మళ్లీ కట్టక్కర్లేదు. వేసిన ఫిల్లింగ్ ఏడాదిలోపు ఊడితే అదే డెంటిస్టు ఉచితంగా సరిచేయాలి. ఆ జరిమానా ఉత్తరం ఇప్పటికే వచ్చి ఉంటే, ఆ తేదీకి చెల్లే సర్టిఫికెట్ నిజంగా మీ దగ్గర ఉంటే, కాపీ పంపండి, రద్దు చేస్తారు. లేకపోతే 28 రోజుల లోపే కట్టేయండి. ఆ వెంటనే ఎన్‌హెచ్‌ఎస్‌కీ ప్రాక్టీసుకీ కొత్త అడ్రసు చెప్పండి.